మూడో చెయ్యి

మా మేడ మీద కిరాయికి ఉన్న అమ్మాయి వాళ్ళది కాకినాడ దిక్కు. మొగుడూ పెళ్ళాం ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. మొన్న నాకు జ్వరం వచ్చి ఒక పూటంతా బయటికి రాకపోయేసరికి ఆ పిల్ల కిందికి దిగివచ్చి తలుపు కొట్టింది.

"ఏమైందండీ? పొద్దున్నించీ కనబడలేదు."

"పానం మంచిగ లేదు బిడ్డా" అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. గబగబా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఫోను తీసి, అంబులెన్స్ పిలవనా అని అడిగింది. పిలిస్తే ఆ బండి ఖర్చు ఎవరు పెట్టుకుంటారని నేను లేచి కూర్చున్నాను.

"జ్వరం బిడ్డా, గంతే. గోలీ ఏసుకున్న. నువ్వు ఫికర్ చెయ్యకు."

"మరి ప్రాణం బాగాలేదన్నారు కదండీ! నాకు గుండె ఆగినంత పనైంది."

ఒంట్లో బాగాలేకపోతే మేము పానం బాగలేదంటాం. మనసు ఒకరి మీదికి లాగితే పానం గుంజుతున్నదంటాం. మనిషి చచ్చిపోతే పానం పోయిందంటాం. వాడిపోయిన మొక్క నీళ్ళు పోశాక నిలబడితే, దానికి పానం వచ్చిందంటాం. ఇదంతా చెబితే ఆ పిల్ల గడప మీద కూర్చుని నవ్వింది.

"అన్నిటికీ ఒకటే మాటైతే, బాగాలేనిది ఒళ్ళో, ప్రాణమో, మనసో ఎలా తెలుస్తుందండీ?"

"గడప మీద కూసోవద్దు, లే" అని మాత్రం అన్నాను. దానికి జవాబు ఉంటే గింటే ఒక్క మనిషి దగ్గర ఉండాలి. ఆ మనిషి పోయి ఏడాది దాటింది. ఆమె మా పెద్ద యారాలు, అంటే నా పెనిమిటి అన్న భార్య. తోడికోడలని పుస్తకాల్లో రాస్తారు. నేను అక్కా అని పిలిచేదాన్ని.

మేమిద్దరం ముడిమ్యాలలో ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం. తర్వాత ఇళ్ళు వేరైనా నడుమ గోడ ఒకటే. నా కొడుకు మొయినాబాద్‌లో ఇల్లు కట్టి నన్ను తీసుకొచ్చేదాకా మా బతుకు కొత్తిమీర, పాలకూర, మెంతికూర కట్టలతోనే గడిచింది. పొద్దు వాలాక చేలో కూర పీకి, వాకిట్లో గోనెసంచి పరిచి, ఇద్దరం పక్కపక్కన కూర్చుని కట్టలు కట్టేవాళ్ళం. నేనెప్పుడూ ఆమెకు ఎడమ పక్కనే. ఎడమచేతి గుప్పిట్లో పట్టినంత కూర, కుడిచేత్తో చుట్టూ నార తిప్పి ఒక ముడి. ఆమె గుప్పిట ఏనాడూ ఎక్కువ పట్టలేదు, తక్కువ పట్టలేదు. మెహదీపట్నంలో కొనేవాళ్ళు నా కట్టలు పక్కకు జరిపి ఏరి ఏరి ఆమెవే తీసుకునేవాళ్ళు.

"జర ఎక్కువ వెట్టు చెల్లె. నీ గుప్పిట పిసినారిది" అనేది.

"గుప్పిటదేమున్నది? వెట్టేది నేను గద."

"కాదు. నువ్వు వెట్టాలనే అనుకుంటవ్. గదే వెట్టనిస్తలేదు."

ఆమె మాట తీరే అంత. ఒంట్లో ఒక్కో భాగం ఆమెకు ఒక్కో మనిషి. కింద కూర్చున్నది లేవాలంటే ముందు మోకాలి మీద చరిచి, "లే ఇగ, పొద్దుగాల తిన్నవు గద" అని దాన్ని లేపేది. అది లేస్తే వెనకాల తను లేచేది. అలసిపోయానని ఆమె నోట నేను వినలేదు. కాళ్ళు అలిసినయ్ అనేది. ఆకలైతున్నదా అని అడిగితే, "కడుపు అడుగుతున్నది. నేను అడుగుతలేను" అనేది. శనివారం ఒక్కపొద్దు ఉన్ననాడు కడుపుతో తగువు పెట్టుకునేది. "నిన్న రెండుమార్లు తిన్నవ్, ఇయ్యాల కూడ నీకే వెట్టాల్నా?" అని దానికి గట్టిగా చెప్పేది. పక్కింటివాళ్ళు వింటే కోడలిని తిడుతున్నదనుకునేవాళ్ళు.

వెంట్రుకలకు గిన్నెలిచ్చే ఆమె వాడకు వస్తే మిగతా ఆడవాళ్ళు దువ్వెనలో ఊడిన జుట్టు ఇవ్వడానికి కొంచెం ముందూ వెనకా ఆడేవాళ్ళు. మన తల వెంట్రుకలు ఎవరి చేతుల్లో పడతాయోనని భయం. మా అక్క గోడ సందులోంచి ఉండ తీసి అట్లాగే ఇచ్చేసి చిన్న గిన్నె తీసుకునేది.

"నీ ఎంటికెలు గదా, ఇయ్యబుద్ధి ఎట్లయితున్నది?" అని నేనే అడిగాను ఒకసారి.

"తల మీద ఉన్నప్పుడు నాయి. కింద వడ్డంక నాయి ఎట్లయితయ్? వాకిట్ల వడ్డ చింతాకు చెట్టుదంటమా?"

ఆ మాట నాకు నచ్చింది. మరునాటి నుంచి నేను కూడా జమచెయ్యడం మొదలుపెట్టాను.

ఆధార్ కార్డు వచ్చినప్పుడు దాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. "గిది మా అత్త ఫోటో గద. సచ్చిపోయినామెకు కార్డెందుకు ఇచ్చిన్రు?" అంది. ఆమె అద్దం చూసుకునే మనిషి కాదు. బొట్టు కూడా గురి తప్పకుండా వేలితో తడుముకుని పెట్టుకునేది. చిన్నకోడలు నవ్వుతూ అద్దం తెచ్చి ముందు పెడితే, అందులోకీ కార్డులోకీ మార్చి మార్చి చూసి, "నేను లోపల గిట్ల లేను" అని కార్డు సంచిలో దాచుకుంది.

ఇంకొకటి చెప్పాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు గోడకు ఆనుకుని కాళ్ళు చాపి, "మీరు ఈడనే ఉండున్రి, నేను పోయొస్త" అని కాళ్ళకు చెప్పి కళ్ళు మూసుకునేది. నిద్ర కాదు. పిలిస్తే పలికేది.

"ఏడికి పోయినవక్కా?"

"తల్లిగారింటికి. ఎడ్లకు కుడితి వెడుతున్నరు. జర ఆగు, వస్త."

తల్లిగారి ఊరు శంకర్‌పల్లి అవతల. రెండు బస్సులు మారాలి. ఈమె చార్జీ లేకుండా పోయి వచ్చేది. నేనూ కళ్ళు మూసుకుని చూశాను. నాకు పొయ్యి మీద పాలే గుర్తొచ్చాయి.

ఈ మాటలన్నీ అప్పట్లో మాకు వేడుక. పచ్చవాతం వచ్చాక వేడుకగా లేవు.

ఒకనాడు పొద్దున వాకిలి ఊడుస్తూ పడిపోయింది. ఎడమవైపంతా పడిపోయింది. మాట పోలేదు, మతి పోలేదు. పట్నం దవాఖానలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపారు. అక్కడ ఆమెకు తోడున్నది చిన్నకోడలు. చిన్నకొడుకు మోటారుసైకిల్ మీద పోతూ లారీ తగిలి పోయినప్పటినుంచి ఆ పిల్లా అత్తా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆ కోడలికి పిల్లలు లేరు. తల్లిగారు తీసుకుపోతామంటే పోలేదు. పూలతోటల్లో కూలికి పోతుంది, అత్తను చూసుకుంటుంది. పెద్దకొడుకు చందనవెల్లిలో ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆ దగ్గరలోనే సంసారం పెట్టుకున్నాడు.

నేను చూడటానికి పోయేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. వీపు వెనక దిండు. నన్ను చూడగానే నవ్వింది. మూతి కొంచెం పక్కకు పోయింది గానీ నవ్వు అదే. నేను ఎప్పటిలాగే ఎడమ పక్కన కూర్చున్నాను.

"మంచిగ వచ్చినవ్ చెల్లె. ఇగో, ముందుగాల నీ చెయ్యి తీస్కో. పొద్దటిసంది బరువైతున్నది."

ఆమె చూపిస్తున్నది తన ఎడమచేతినే. దుప్పటి మీద వెల్లకిలా పడి ఉంది.

"గది నీ చెయ్యే అక్కా."

"నాదెట్లయితది? నాది గిది" అని కుడిచెయ్యి ఎత్తి చూపించింది. "గది నీది. కూర కట్టుకుంట కట్టుకుంట ఈడ మరిచినట్టున్నవ్."

నేను నా రెండు చేతులూ ఆమె ముందు పెట్టాను. "ఇగో నాయి రెండు. మంచిగ చూస్కో."

చూసింది. ఒకదాని తర్వాత ఒకటి ముట్టుకుని కూడా చూసింది. తర్వాత నన్నే కొంచెం అనుమానంగా చూసింది.

"ఉన్నయ్ రెండు. గయితే గిది మూడోది."

నవ్వాలో ఏడవాలో తెలియక కోడలు వంటింట్లోకి పోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత తెలివైన మనిషి ఇంత చిన్న సంగతి ఎందుకు ఒప్పుకోదు? ఆ చేతిని గిల్లాను.

"నొచ్చిందా?"

"నాకెందుకు నొస్తది? నీకు నొయ్యాలె."

మణికట్టు దగ్గర పట్టుకుని పైకి పోయాను. మోచెయ్యి, దండచెయ్యి, భుజం. "గీ భుజం ఎవలది?"

"నాదే."

"మరి భుజానికి అతుక్కున్నది ఎవలది?"

"బస్సుల నిద్రపోతె పక్కమనిషి తల మన భుజం మీదికి రాదా చెల్లె? భుజం మనదైతె తల మనదైతదా?"

మోచేతి కింద పచ్చబొట్టు ఉంది. పెళ్ళికి ముందు పొడిపించుకున్న తేలు బొమ్మ. అది చూపించాను. ఇక తప్పించుకోలేదనుకున్నాను.

"తేలు నాదే" అంది. "నాకు తెల్వకుండ నీ చేతికెట్ల పొడిపించుకున్నవ్? అడిగితె ఇయ్యనంటినా?"

ఆ రోజు నేను నీళ్ళు కూడా తాగకుండా బస్సెక్కాను.

తర్వాత పరీక్షకు తీసుకుపోయినప్పుడు నేనూ వెంట పోయాను. డాక్టరు చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. రెండు చేతులూ ఎత్తమ్మా అన్నాడు. కుడిచెయ్యి ఎత్తింది. రెండోది? "గది ఆమెనడుగున్రి" అని నన్ను చూపించింది. డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి చెప్పాడు. నేను చదివింది తక్కువ. నాకు అర్థమైనంత రాస్తున్నాను. తలలో కుడివైపు రక్తం అందక కొంత చోటు పాడైంది. మన ఎడమవైపు మనదని మనకు చెబుతూ ఉండేది ఆ చోటే. అది చెప్పడం మానేసింది. ఆమె అబద్ధమాడటం లేదు, పిచ్చి కాదు, మొండితనం కాదు. కొందరికి త్వరగా సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు. "ఆమెతో వాదించకండి" అన్నాడు. ఇంకోసారి వస్తే కష్టమని కూడా అన్నాడు.

నాకు ఒకటి కొరుకుడు పడలేదు. ఇన్నేళ్ళలో పొద్దున లేచి ఇది నా చెయ్యేనా అని నేను ఒక్కసారి చూసుకోలేదు. ఎవరూ నేర్పలేదు, ఎవరినీ అడగలేదు. తలలో ఎక్కడో ఒక చోటు ఆ పని నాకు చెప్పకుండా చేస్తూనే ఉందట. అది మానేస్తే పుట్టినప్పటినుంచి ఉన్న చెయ్యి పరాయిదైపోతుంది. మిగతా మనిషి మాత్రం అట్లాగే ఉంది. నన్ను గుర్తుపట్టింది, నా పిసినారితనాన్ని మరిచిపోలేదు, కూరకట్టల లెక్క తప్పలేదు. చెయ్యి పోయినా తాను తగ్గానని ఆమె అనుకోలేదు. ఎక్కువ వచ్చి పడిందనే అనుకుంది.

డాక్టరు మాట విని వాదించడం మానేశాం. మానేశాక ఆమెకూ మాకూ సుఖమైంది. ఆ చేతిని ఆమె చుట్టంలా చూసుకుంది. చలిగా ఉన్ననాడు కొంగు తీసి దాని మీద కప్పేది. కోడలు స్నానం చేయిస్తుంటే గుర్తుచేసేది.

"మీ చిన్నత్త చేతికి గూడ సబ్బు వెట్టు బిడ్డా. లేకుంటె అలుగుతది."

"వెడుతున్న అత్తమ్మా."

"ఎవలదైతేంది, మనింట్ల ఉన్నన్ని దినాలు మంచిగ చూసుకోవాలె."

కంచంలో కుడివైపు అన్నమే తినేది. ఎడమవైపు సగం ముట్టేది కాదు. అడిగితే, "గది చెల్లెది" అనేది. అన్నం పారేయడం నేను చూడలేను. కంచం తిప్పి పెట్టాను. సగం మళ్ళీ ఆమె ముందుకు వచ్చింది, తినేసింది. ఆ రోజునుంచి కోడలు కంచం తిప్పడం నేర్చుకుంది.

అసలు చిక్కు ఇల్లు రాసిచ్చేదగ్గర వచ్చింది. ఇల్లు, వెనకాల జాగా అక్క పేరు మీదే ఉన్నాయి. పడిపోకముందు నుంచే అది చిన్నకోడలికి ఇవ్వాలని ఆమె మాట. పెద్దకొడుకు చెడ్డవాడు కాదు. "మరదలికే ఇయ్యమ్మా" అన్నాడు. కానీ నోటిమాట నోటిదే. అతనికీ పిల్లలున్నారు. ఈ చుట్టుపక్కల జాగా ధర వింటే మంచివాళ్ళకు కూడా నిద్ర పట్టదు. అక్కకు ఇంకోసారి వాతం వచ్చి మాట పడిపోతే ఆ పిల్లకు నిలవడానికి నీడ ఉంటుందో ఉండదో. అందుకని తొందరపడ్డాం.

కాగితాలు రాసే ఆయన ఇంటికే వచ్చి చదివి వినిపించాడు. అన్నిటికీ సరే అంది. చివరికి ఆయన, "ఆఫీసులో ఎడమచేతి బొటనవేలు ముద్ర పెట్టాలమ్మా" అన్నాడు.

"వెట్టను" అంది.

కోడలు చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఆగిపోయింది.

"ఎందుకక్కా?" అన్నాను.

"నీ ముద్ర వడితె ఇల్లు నీకు వోతది. నాకు తెల్వదా నీ సంగతి? చిక్కుడుకాయ గూడ ఏరి ఇచ్చేదానివి, ఇల్లు ఇస్తవా?"

"నీ ఇల్లు నాకెందుకు? నా ఇంటికి సున్నం ఏసేతందుకే ఎనక ముందు ఆడుతున్న."

"గదే చెప్తున్న. రెండిండ్లుంటె రెండిండ్లకు సున్నం ఎయ్యవ్."

కాగితాలాయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి మమ్మల్ని పక్కకు పిలిచాడు. ఆఫీసులో చెయ్యి నాది కాదంటే మతి సరిగా లేదనుకుని కాగితం పక్కన పెట్టేస్తారని చెప్పాడు. కాబట్టి అడిగితే నాదే అనాలి, అంతే. ఆ ముక్క కోడలు ఆమెకు చెప్పింది, బతిమాలింది. పెద్దకొడుకు ఫోన్‌లో చెప్పాడు. నేను చెప్పాను.

"నాది కానిదాన్ని నాదని సర్కారు ముంగట చెప్తె రేపు ఎవడన్న కేసేస్తడు" అంది. "ఇచ్చేది సక్కగ ఇయ్యాలె. నా కోడలికి తగువు ఇల్లు ఇస్తనా?"

ఇప్పుడు ఆలోచిస్తే మా అందరికంటే ఆ ఇంటి సంగతి ఆమెకే ఎక్కువ పట్టింది. మేము గట్టెక్కితే చాలనుకున్నాం.

అయినా తీసుకుపోయాం. చేవెళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఆటో మాట్లాడక తప్పలేదు. కోడలు ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని మెట్లు ఎక్కించాం. పొద్దున పోతే మధ్యాహ్నానికి మా పేరు పిలిచారు. ఆఫీసరు ఆడమనిషి, అక్క పెద్దకోడలి ఈడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కాగితాలు తిప్పింది.

"ఏమ్మా, ఈ ఇల్లు ఎవరికి ఇస్తున్నవు?"

"గీ పిల్లకు. నా చిన్నకోడలు."

"ఎవరన్నా బలవంతం చేశారా?"

"నన్ను బలవంతం చేసెటోడు ఇంక పుట్టలే మేడమ్మా."

ఆఫీసరు నవ్వి, సిరా పెట్టె జరిపించింది. అక్కడున్న గుమాస్తా ముద్ర వేయించడానికి ఎడమచెయ్యి పట్టుకున్నాడు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

"గది నాది కాదు నాయినా. గది మా చెల్లెది. ఆమెనడగకుండ ముద్ర ఎట్ల ఏస్తవ్?"

గుమాస్తా చెయ్యి వదిలేశాడు. ఆఫీసరు కళ్ళద్దాలు దించుకుంది. పెన్ను కింద పెట్టింది.

"ఏం మాట్లాడుతోందమ్మా ఈమె?" అని నన్ను అడిగింది.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పచ్చవాతం వచ్చిందని, ఒక్క చెయ్యి సంగతిలోనే ఇట్లా ఉందని, డాక్టరు ఏం చెప్పాడో అది. ఆఫీసరు విన్నది. విని కాగితాలు ఒక దగ్గరికి చేర్చింది.

"చూడమ్మా, నాకూ జాలే. కానీ తన చెయ్యి తనదో కాదో తెలియని మనిషి ఇల్లు రాసిచ్చిందంటే, రేపు ఎవరైనా అడిగితే నేను ఏమని జవాబు చెప్పాలి?"

అడిగిన దాంట్లో తప్పు లేదు. నేనైనా అదే అడుగుతాను. కోడలు తల వంచుకుంది. కన్నీళ్ళు బల్ల మీద పడుతున్నాయి. నోరు తెరిచి అడిగితే ఇంతకాలం అత్తకు చేసినదానికి బదులు తీసుకుంటున్నదని ఎవరైనా అనుకుంటారని ఆమె భయం, నాకు తెలుసు.

అప్పుడు మా అక్క కుడిచెయ్యి బల్ల మీద పెట్టి కొంచెం ముందుకు వంగింది.

"మేడమ్మా, నేను చెయ్యి ఇస్తలేను గద. ఇల్లు ఇస్తున్న. ఇల్లు నాదా కాదా, గది అడుగున్రి."

ఆఫీసరు కాగితాలు మళ్ళీ విప్పింది. ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. ఇల్లు ఎక్కడ? ముడిమ్యాలలో. ఎటుదిక్కు ఎవరిది? అక్క నాలుగు దిక్కులూ చెప్పింది, పడమటి దిక్కు మా ఇల్లేనని నన్ను చూపించింది. ఎట్లా వచ్చింది? అత్త ఇచ్చింది. పెద్దకొడుక్కి ఎందుకు ఇవ్వలేదు? "వానికి చెయ్యంది లేదు, గీ పిల్లకు చేసింది లేదు." ఇచ్చేశాక కోడలు వెళ్ళగొడితే? "ఎల్లగొడితె పోత. ఇచ్చినంక అడుగుతానా?"

ఆఫీసరు పెన్ను తీసింది. ఎడమచెయ్యి వాతంతో పడిపోయిందని కాగితం మీద రాయమని, కుడిచేతి బొటనవేలు తీసుకోమని గుమాస్తాకు చెప్పింది. కుడి బొటనవేలు మా అక్క ఎవరి సాయమూ లేకుండా తనే సిరాలో అద్ది తనే నొక్కింది. ముద్ర చక్కగా పడింది, గీతలన్నీ కనబడుతున్నాయి. దాని మీద ఊదింది.

సాక్షిగా నన్ను పిలిచారు. నాకు సంతకం వచ్చు, పెట్టాను. వేలిముద్ర కూడా కావాలన్నారు. గుమాస్తా నా ఎడమచెయ్యి పట్టుకుని బొటనవేలికి సిరా పూశాడు. అక్క మెడ చాచి చూస్తోంది. నేను కాగితం మీద నొక్కాను.

"వడ్డదా?" అంది.

"వడ్డది."

"నువ్వు గూడ ఒప్పుకున్నట్టేనా చెల్లె?"

"ఒప్పుకున్నట్టే."

"సాక్షికాడ ఏసినవ్, గది మంచిగైంది. ఇగ నీకు ఇల్లు రాదు." నిశ్చింతగా వెనక్కి ఆనుకుంది. తర్వాత కోడలి వైపు తిరిగింది. ఆ పిల్ల ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "ఇగ చాలు, లే బిడ్డా. పా, నీ ఇంటికి పోదాం. నాకింత చోటిస్తవు గద?"

కోడలు తలాడించి, ఆటో పిలవడానికి ముందుగా బయటికి పోయింది. గుమాస్తా సిరా తుడుచుకోమని చిన్న పాతగుడ్డ ఇచ్చాడు. అక్క కుడి బొటనవేలు తుడిచాను. నా ఎడమ బొటనవేలు తుడుచుకున్నాను. తర్వాత ఆమె ఒళ్ళో పడి ఉన్న ఎడమచేతిని తీసుకుని, దాని బొటనవేలు కూడా గట్టిగా తుడిచాను. గోరు సందుల్లో కూడా తుడిచాను. దానికి సిరా అంటనేలేదని, గుడ్డ మడిచి గుమాస్తాకు తిరిగి ఇచ్చేటప్పుడు తెలిసింది.